ప్రాజెక్టు రిపోర్టు పీడీఎఫ్ చేసే ముందు: విషయసూచిక లింకులు పోకుండా జాగ్రత్తలు

రిపోర్టులు సబ్మిట్ చేసే రోజులొస్తే నెల్లూరు ట్రంకు రోడ్డు డీటీపీ షాపుల్లో నిలబడడానికి చోటుండదు. కావలి నుంచీ ఆత్మకూరు నుంచీ పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని దిగుతారు. "అన్నా, అర్జంటుగా పీడీఎఫ్ చేసియ్యన్నా." ఆ అన్న కంట్రోల్-పీ కొట్టి, ప్రింటర్ల లిస్టులో 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఎంచుకుంటాడు. అర నిమిషంలో పని అయిపోతుంది, విషయసూచికలో నొక్కితే ఆ పేజీకి తీసుకెళ్లే లింకులూ అక్కడే పోతాయి. ఆ దారిలో పంపితే కంప్యూటర్‌కి అది అచ్చు వేయడం కిందే లెక్క. అచ్చు కాగితం మీద క్లిక్కు ఎక్కడిది?

కాబట్టి వర్డ్‌లో ఫైల్, సేవ్ యాజ్, పీడీఎఫ్ దారిలో వెళ్లండి. ఆప్షన్స్‌లో హెడ్డింగ్స్‌తో బుక్‌మార్కులు (పీడీఎఫ్ పక్కన కనిపించే శీర్షికల జాబితా) చేసే గడికి టిక్ పెట్టండి. మ్యాక్ వర్డ్‌లో 'బెస్ట్ ఫర్ ప్రింటింగ్' వద్దు, 'ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూషన్' అన్నది తీసుకోండి. దానికి నెట్ ఉండాలి. గూగుల్ డాక్స్‌లో ఫైల్, డౌన్‌లోడ్, పీడీఎఫ్ చాలు. లిబ్రేఆఫీస్‌లో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్.

ఇదంతా విషయసూచిక సరిగ్గా కట్టినప్పటి మాట. చాలామంది 'అధ్యాయం 3' అని టైపు చేసి, చుక్కలు కొట్టుకుంటూ పోయి, చివర 27 వేస్తారు. చుక్కలు ఎంత వరసగా ఉన్నా అందులో లింకు లేదు. అక్షరాలు లావుచేసి సైజు 16 పెట్టినంత మాత్రాన వర్డ్ దాన్ని శీర్షికగా గుర్తించదు. అధ్యాయాలకు హెడ్డింగ్ 1, ఉపశీర్షికలకు హెడ్డింగ్ 2 స్టైల్ ఇచ్చి, రిఫరెన్సెస్ ట్యాబ్‌లో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ వేయించండి. మామూలుగా 3 స్థాయిల దాకా చూపిస్తుంది. చివరి దిద్దుబాటు అయ్యాక సూచిక మీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ చేయడం మరవద్దు. లేకపోతే పాత పేజీ నంబర్లే ఉండిపోతాయి.

తెలుగులో రిపోర్టు రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. అను ఫాంట్లలో టైపు చేస్తే పేజీ మీద 'ఉపోద్ఘాతం' చక్కగానే కనిపిస్తుంది. పక్కన బుక్‌మార్కుల ప్యానెల్ తెరిచి చూడండి, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. ఆ ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ప్యానెల్‌కి ఆ ఫాంటు అందదు, అడుగున ఉన్న అసలు సరుకు బయటపడుతుంది. మొదటి నుంచీ తెలుగు అక్షరాలకు వాటి సొంత స్థానాలుండే యూనికోడ్‌లో, గౌతమి లాంటి ఫాంటుతో కొట్టించుకోవడం మేలు. మధ్యలో కన్వర్ట్ చేస్తే వత్తులు ఒక్కొక్కటీ చూసుకోవాల్సి వస్తుంది, ఆఖరి రోజు పెట్టుకునే పని కాదు.

పీడీఎఫ్ చేతికొచ్చాక దాన్ని ఎంత తక్కువ కదిపితే అంత మంచిది. గైడ్ సంతకం పెట్టిన సర్టిఫికెట్ స్కాన్‌ని తర్వాత వేరే సైటులో అతికిస్తే, లేదా సైజు తగ్గించడానికి ఇంకో సైటులో నొక్కిపెడితే, లింకులు ఊడిపోవచ్చు. స్కాన్‌ని ముందే వర్డ్ ఫైల్లో బొమ్మగా పెట్టేయండి. సైజు తగ్గించాలంటే కూడా ముందు వర్డ్‌లోనే బొమ్మల్ని కుదించి, ఆ తర్వాతే ఎక్స్‌పోర్ట్ చేయండి.

షాపులోంచి కదిలే ముందు అక్కడే ఫైలు తెరిచి మొదటి, చివరి అధ్యాయాల మీద నొక్కి చూడండి. వర్డ్‌లో కంట్రోల్ పట్టుకుని నొక్కాలి, పీడీఎఫ్‌లో ఉత్త క్లిక్ చాలు. ఫోన్‌లో కొన్ని యాప్‌లు లింకుల్ని పట్టించుకోవు. ఫోన్‌లో పనిచేయలేదని షాపు అన్నతో గొడవకు దిగేముందు అదే ఫైలు అక్రోబాట్ రీడర్‌లో తెరిచి చూడండి.