డిస్టిల్డ్ వాటర్ ఆరోగ్యానికి మేలు చేస్తుందనే వాదనను ఎలా పరిశీలించాలి?

డిస్టిల్డ్ వాటర్ తాగితే ఒంట్లోని విషాలు బయటికి పోతాయని, కీళ్ల నొప్పులు తగ్గుతాయని, కిడ్నీలో రాళ్లు కరిగిపోతాయని కొందరు గట్టిగా చెబుతారు. ఆ నీళ్లు ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తాయని, కణాలను పగలగొడతాయని మరికొందరు అంతే గట్టిగా భయపెడతారు. ఈ రెండు మాటలనూ యథాతథంగా నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారూ, అవసరమైన జాగ్రత్తను వదిలేసినవారూ మన చుట్టూ ఉన్నారు. శుద్ధి చేసిన నీటి వల్ల కలిగే మేలంతా అందులోంచి తొలగిపోయిన ఒకానొక హానికర పదార్థం వల్లనే కలుగుతుంది తప్ప, నీటిలో ఏమీ లేకపోవడం దానంతట అదే ఔషధం కాదు. ఈ సంగతిని ఆధారంగా చేసుకుని, ఇంట్లోగానీ బంధువుల మధ్యగానీ ఈ చర్చ వచ్చినప్పుడు దాన్ని ఏ క్రమంలో పరిశీలించాలో వివరిస్తాను.

1. ముందుగా ఏ నీటి గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టుకున్నదే డిస్టిల్డ్ వాటర్. ఈ పద్ధతిలో ఉప్పులు, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్, సూక్ష్మజీవులు దాదాపు పూర్తిగా వెనకే ఉండిపోతాయి. అయితే నీటికంటే ముందే ఆవిరయ్యే బెంజీన్, క్లోరోఫాం వంటి రసాయనాలు ఆవిరితోపాటు ప్రయాణించగలవు కాబట్టి, యంత్రంలో కార్బన్ ఫిల్టర్ లేకపోతే "నూటికి నూరు శాతం శుద్ధం" అనే మాట నిజం కాదు.

మన ఇళ్లలో ఎక్కువగా వాడేది ఆర్‌ఓ నీరు. అది పొరగుండా ఒత్తిడితో వడకట్టిన నీరు. అందులో ఖనిజాలు బాగా తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. ఇక ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి దుకాణాల్లో అమ్మే నీళ్ల డబ్బాలు వేరే కోవకు చెందినవి. వాటిపై డిస్టిల్డ్ వాటర్ అని రాసి ఉన్నా, చాలావరకు అవి అయాన్ మార్పిడి పద్ధతిలో లవణాలు తీసేసిన నీళ్లే; సూక్ష్మజీవులు లేవనే హామీగానీ, ఆ డబ్బా ఆహార పదార్థాలకు పనికొస్తుందనే హామీగానీ వాటికి ఉండదు. వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ తాగకూడదు, పిల్లలకు అందేచోట ఉంచకూడదు.

ఖర్చును కూడా ఇక్కడే లెక్కగట్టండి. ఒక లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు పడుతుంది. నలుగురున్న ఇంటికి రోజుకు 10 లీటర్లు కావాలంటే నెలకు 200 యూనిట్లకు పైగా అదనంగా కాలుతుంది.

2. "నీటిలోని ఖనిజాలు ఒంటికి పట్టవు" అనే మాటను నల్లగొండ ముందు నిలబెట్టండి

డిస్టిల్డ్ వాటర్‌ను సమర్థించేవారి వాదనలన్నిటికీ పునాది ఇదే. నీటిలో ఉండేవి రాతి నుంచి కరిగిన నిర్జీవ ఖనిజాలని, శరీరం వాటిని వాడుకోలేదని, అందుకే అవి కీళ్లలోనూ రక్తనాళాల్లోనూ పేరుకుపోతాయని, మొక్కల ద్వారా వచ్చిన ఖనిజాలు మాత్రమే ఒంటికి పడతాయని వారంటారు. వినడానికి సబబుగానే అనిపిస్తుంది. తెలుగువారికి మాత్రం దీన్ని పరీక్షించడానికి పరాయి దేశపు పరిశోధన కూడా అవసరం లేదు.

1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో, తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని వైద్యులు నమోదు చేశారు. ఆ తరువాత నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ప్రజలు తరాల తరబడి ఆ బాధను అనుభవించారు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుండగా, అక్కడి కొన్ని బోర్లలో దానికి అనేక రెట్లు ఉండేది. ఆ ఫ్లోరైడ్ కూడా రాతి నుంచి కరిగి వచ్చిన నిర్జీవ ఖనిజమే. శరీరం దాన్ని గ్రహించలేకపోయి ఉంటే నడుములు వంగేవి కావు, పళ్లపై గోధుమరంగు మచ్చలు పడేవి కావు. కాబట్టి నీటిలో కరిగిన ఖనిజం శరీరంలోకి చేరుతుందనేది సందేహం లేని విషయం. అది మేలో కీడో నిర్ణయించేది ఆ ఖనిజం ఏమిటి, ఎంత ఉంది అనే రెండు సంగతులే. మనం తినే అయోడిన్ ఉప్పులో కలిపేది కూడా పొటాషియం అయోడేట్ అనే నిర్జీవ లవణమే. గాయిటర్‌ను (గొంతు వాపును) అరికట్టింది అదే.

అయితే ఎదుటివారు ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు: "ఫ్లోరైడ్ బాధితుల కీళ్లు బిగుసుకుపోయాయంటే, నీటి ఖనిజాలు కీళ్లలో పేరుకుంటాయనే కదా?" న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం ఏమిటంటే, అక్కడ కారణం మితిమీరిన ఫ్లోరైడ్. నీటిలోని కాల్షియం కాదు. పైగా ఆహారంలో కాల్షియం తక్కువైనచోట ఫ్లోరైడ్ చేసే హాని మరింత తీవ్రంగా ఉంటుంది. మోకాళ్లు లోపలికి వంగిపోయిన నల్లగొండ పిల్లలను 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పరిశీలించి వైద్యలోకం దృష్టికి తెచ్చారు. అలాంటి ఊళ్లో డిస్టిల్డ్ నీరైనా, ఆర్‌ఓ నీరైనా, కృష్ణా జలాలైనా నిజంగా ప్రాణాలను కాపాడే నీళ్లే. ఆ మేలు ఫ్లోరైడ్ తొలగిపోవడం వల్ల వచ్చిందని గుర్తుంచుకుంటే చాలు. అన్నట్టు, ఫ్లోరైడ్ నీటిని కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది.

3. కిడ్నీ రాళ్ల మాటను విడిగా పరిశీలించండి

బోరు నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లని పొర కడుతుంది. దాన్ని చూపించి "మీ కిడ్నీలోనూ ఇదే జరుగుతోంది" అని చెబితే ఎవరైనా భయపడతారు. కానీ గిన్నెలో కట్టేది వేడికి అడుగున చేరిన కాల్షియం కార్బొనేట్. కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్, అది వేరే దారిలో తయారవుతుంది. అమెరికాలో 45,000 మందికి పైగా పురుషులను గమనించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, ఆహారం ద్వారా కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారికి రాళ్లు తక్కువగా వచ్చాయి. కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపుతుందనేది దీనికి చెప్పే వివరణ. రాళ్లు రాకుండా కాపాడేది ప్రధానంగా నీటి పరిమాణం. ఒకసారి రాయి వచ్చినవారు రోజుకు సుమారు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంతగా నీరు తాగాలని వైద్యులు చెబుతారు. డిస్టిల్డ్ వాటర్ మొదలుపెట్టాక రాళ్లు తగ్గాయని ఎవరైనా చెబితే, అంతకుముందు రోజుకు ఎన్ని నీళ్లు తాగేవారో, ఇప్పుడు ఎన్ని తాగుతున్నారో తప్పక అడగండి.

విషాలు బయటికి పోవడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. తగినంత నీరు అందితే అది ఏ శుభ్రమైన నీరైనా వాటికి సరిపోతుంది.

4. భయపెట్టే మాటలను కూడా అదే త్రాసులో తూచండి

డిస్టిల్డ్ నీరు కణాలను పగలగొడుతుందనే భయానికి ఒక మూలం ఉంది. ఉప్పులేని శుద్ధజలాన్ని నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోతాయి; అందుకే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తారు. తాగే నీటి సంగతి వేరు. అది కడుపులోని స్రావాలతోనూ ఆహారంతోనూ కలిసిన తరువాతే రక్తంలోకి చేరుతుంది. రక్తపు ద్రవ గాఢత కిలోకు 275 నుంచి 295 మిల్లీఆస్మోల్స్ (కరిగి ఉన్న కణాల సంఖ్యను లెక్కించే కొలమానం) దాకా ఉంటే, మామూలు కుళాయి నీటిది అందులో చాలా చిన్న భాగమే. రక్తంతో పోలిస్తే కుళాయి నీరు, డిస్టిల్డ్ నీరు రెండూ దాదాపు ఒకేంత పలుచనివి కాబట్టి, ఒకటి అమృతం, మరొకటి విషం కావడం కుదరదు. సముద్రపు నీటిని ఆవిరిపట్టి తాగిన నావికులు ఆ నీటితోనే సుదీర్ఘ యాత్రలు చేశారు.

ఆమ్లత్వం గురించిన భయమూ అలాంటిదే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలవడంతో డిస్టిల్డ్ నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే అంకె; 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 5.6 ప్రాంతానికి దిగుతుంది. నిమ్మరసం అంతకంటే ఎన్నో రెట్లు ఆమ్లం. రక్తం పీహెచ్‌ను ఊపిరితిత్తులు, మూత్రపిండాలు 7.35కు, 7.45కు మధ్యనే నిలబెడతాయి.

అయినా ఖనిజాలు లేని నీటిని జీవితాంతం తాగడాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. 1957లో జపాన్ శాస్త్రవేత్త జున్ కొబయాషి నదీజలాల స్వభావానికీ పక్షవాతపు మరణాలకూ సంబంధం ఉన్నట్టు గమనించినప్పటి నుంచి, కఠినజలం (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీరు) తాగే ప్రాంతాల్లో గుండెజబ్బు మరణాలు తక్కువగా ఉన్నాయని అనేక దేశాల్లో పరిశీలనలు వచ్చాయి. ముఖ్యంగా మెగ్నీషియం పాత్రపై అనుమానం బలంగా ఉంది. ఇవి ప్రాంతాలను పోల్చి చూసిన పరిశీలనలు కాబట్టి కారణాన్ని రుజువు చేయలేవు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంపై 2005లోనూ 2009లోనూ నిపుణుల గ్రంథాలను ప్రచురించేంతగా పట్టించుకుంది. సముద్రజలాన్ని శుద్ధి చేసి తాగే ఇజ్రాయెల్‌లో ఆ నీటికి మెగ్నీషియం కలపాలా అనే చర్చ కూడా దీని నుంచే వచ్చింది.

5. నీరు ఎంత ఇస్తోందో, కంచం ఎంత ఇస్తోందో లెక్క వేయండి

మన దేశంలో పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని సిఫారసు చేశారు. లీటరుకు 75 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీటిని రెండున్నర లీటర్లు తాగితే సుమారు 190 మిల్లీగ్రాములు వస్తుంది, అంటే అవసరంలో ఐదో వంతుకు కాస్త తక్కువ. ఒక పెద్ద గ్లాసు పాలతోగానీ, ఓ పూట రాగి సంకటితోగానీ దాన్ని పూడ్చుకోవచ్చు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల ప్రాంతంలో కాల్షియం ఉంటుంది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు రోజూ తినే ఇంట్లో ఈ లోటు పెద్దది కాదు. పాలిష్ పట్టిన తెల్ల బియ్యం, పలుచని చారుతోనే పూట గడిచే ఇంట్లో ఆ ఐదో వంతు చాలా విలువైనది. అందరికీ ఒకే సలహా ఇవ్వడం తప్పనడానికి నాకు కనిపించే ప్రధాన కారణం ఇదే.

6. కళ్లముందు చేసి చూపే ప్రయోగాలకు లొంగిపోకండి

ఇంటికి వచ్చే అమ్మకందారు రెండు గ్లాసులు పెడతాడు. ఒకదానిలో మీ బోరు నీళ్లు, మరొకదానిలో శుద్ధి చేసిన నీళ్లు పోసి, నాలుగు లోహపు కడ్డీలున్న పరికరాన్ని రెండింటిలోనూ ముంచి స్విచ్ వేస్తాడు. నిమిషం గడవకముందే మీ నీళ్లు పసుపుపచ్చగా మారి, తరువాత ముదురు గోధుమరంగుకు తిరిగి, పైన మడ్డి తేలుతుంది. రెండో గ్లాసు తేటగానే ఉంటుంది. ఇది చూసిన తల్లి "ఇన్నాళ్లూ పిల్లలకు ఇదా పోశాను!" అని కన్నీళ్లు పెట్టుకోవడం సహజం.

ఆ మడ్డి మీ నీటిలోది కాదు. కరెంటు పారినప్పుడు ఆ ఇనుప కడ్డీలే కరిగి తుప్పుగా మారతాయి. ఖనిజాలున్న నీటిలో కరెంటు పారుతుంది, లేని నీటిలో పారదు, తేడా అంతే. ఆయన ముందే ఆ తేటనీటి గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమని అడగండి. అదీ గోధుమరంగుకు తిరుగుతుంది.

నీటిలో కరిగిన పదార్థాల మొత్తాన్ని (టీడీఎస్) చూపుతుందని చెప్పే టీడీఎస్ మీటరునూ అలాగే పరీక్షించవచ్చు. గ్లాసు నీళ్లలో చెంచాడు పంచదార కలిపి మీటరు పెడితే అంకె దాదాపు కదలదు, చిటికెడు ఉప్పు వేస్తే ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. మీటరు కొలిచేది విద్యుత్ వాహకతను మాత్రమే. సూక్ష్మజీవులను, పురుగుమందులను అది చూడలేదు. ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉన్నా అది మొత్తం అంకెలో కలిసిపోతుంది.

7. మీ నీటిని పరీక్షించి, అప్పుడే నిర్ణయించండి

జిల్లాల్లోని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో గానీ, గుర్తింపు ఉన్న మరో ప్రయోగశాలలో గానీ నమూనా ఇవ్వండి. బోరును కొన్ని నిమిషాలు నడిపించిన తరువాతే నీరు పట్టాలి. సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాలవారు ఇచ్చే క్రిమిరహితమైన సీసానే వాడాలి. ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం, టీడీఎస్, ఇనుము, కోలిఫాం (నీటిలో మలం కలిసి ఉండవచ్చని సూచించే సూక్ష్మజీవులు) పరీక్షలను పేరుపేరునా అడగండి. ఫలితాన్ని ఐఎస్ 10500 పరిమితులతో పోల్చండి: లీటరుకు టీడీఎస్ 500, నైట్రేట్ 45, మొత్తం కాఠిన్యం 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, కోలిఫాం అసలే ఉండకూడదు.

సూక్ష్మజీవుల సమస్య ఒక్కటే ఉంటే కాచి చల్లార్చుకోవడం చాలు. ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కువగా ఉంటే ఆర్‌ఓ గానీ డిస్టిలేషన్ గానీ, సురక్షితమైన నదీజల సరఫరా గానీ అవసరం. అన్నీ పరిమితుల్లో ఉంటే డిస్టిల్డ్ వాటర్ కోసం పెట్టే ఖర్చును పాలకో రాగులకో పెట్టడం మేలని నా అభిప్రాయం.

8. తాగాలనే నిర్ణయించుకుంటే పాటించవలసినవి

ఖనిజాలు లేని నీటికి లోహాన్ని కరిగించుకునే స్వభావం ఎక్కువ కాబట్టి, రాత్రంతా రాగి బిందెలోనో ఇత్తడి చెంబులోనో నిల్వ ఉంచకండి. గాజు, స్టీలు పాత్రలు మంచివి. కూరగాయలను ఆ నీటిలో ఉడికించి వార్చేస్తే వాటిలోని ఖనిజాలూ నీటితోపాటు పోతాయి, కనుక ఉడికిన నీటిని కూరలోనే ఇంకనివ్వండి. పప్పు మాత్రం బోరు నీళ్లకంటే ఇందులో మెత్తగా, త్వరగా ఉడుకుతుంది. ఎండలో చెమటోడ్చి పనిచేసేవారు ఏ నీటినైనా ఒక్కసారిగా లీటర్ల కొద్దీ తాగడం ప్రమాదమే. ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్‌ఎస్ గానీ మధ్యమధ్య తీసుకోవాలి. కిడ్నీ జబ్బుతో బాధపడేవారు, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారు నీటి రకాన్నీ పరిమాణాన్నీ మార్చుకునే ముందు తమకు వైద్యం చేస్తున్న డాక్టరును, చేతిలో నీటి పరీక్ష నివేదికతో వెళ్లి, అడగాలి.