రాజమండ్రికి డైరెక్ట్ ఫ్లైట్ వెతికే ముందు జాగ్రత్తలు

టికెట్ సైట్‌లో ఊరి పేరు కొట్టకండి, విమానాశ్రయం కోడ్ కొట్టండి: ఆర్‌జేఏ (RJA). ఊరి పేరు కొన్నిచోట్ల రాజమండ్రి, కొన్నిచోట్ల రాజమహేంద్రవరం అని ఉంటుంది. విమానాశ్రయం ఉన్నది మధురపూడిలో.

అసలు తిరకాసు 'డైరెక్ట్' అనే మాటతోనే. ఒకే నంబరుతో నడిచే విమానం మధ్యలో ఒక ఊళ్లో దిగి లేచినా దాన్ని డైరెక్ట్ అనే అంటారు. ఎక్కడా దిగకుండా రావాలంటే ఫిల్టర్‌లో 'నాన్‌స్టాప్' పెట్టాలి. ప్రయాణ సమయం కూడా చూడండి. హైదరాబాద్ నుంచి గంటా పావు దాకా ఉంటే సరే, నాలుగు గంటలు కనిపిస్తే మధ్యలో ఎక్కడో ఆగుతోందన్నమాట.

ఒక్క తేదీకి వెతికి 'లేదు' అనుకోవద్దు. కొన్ని సర్వీసులు వారంలో రెండు మూడు రోజులే ఉంటాయి. అందుకే వరుసగా ఏడు రోజులూ చూడాలి. పట్టికలో 1 3 5 అని ఉంటే సోమ, బుధ, శుక్రవారాలని అర్థం, 7 అంటే ఆదివారం.

షెడ్యూలు ఏడాదికి రెండుసార్లు మారుతుంది: మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఏప్రిల్ పెళ్లికి ఫిబ్రవరి పట్టిక చూసి బంధువులకు మాటివ్వకండి, పాపం వాళ్లు సెలవులు పెట్టేసుకుంటారు.

ఒకే టైముకు రెండు నంబర్లు కనిపిస్తే అది కోడ్‌షేర్ కావచ్చు, అంటే రెండు ఎయిర్‌లైన్లు టికెట్లు అమ్ముతాయి, విమానం ఒక్కటే. నడిపేది ఎవరో తెలియాలంటే 'ఆపరేటెడ్ బై' అన్న చిన్న అక్షరాలు చదవండి.

విమానాశ్రయం పేజీలోని గమ్యాల జాబితా పాతదై ఉండొచ్చు. డబ్బు కట్టే ముందు ఆ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో మీ తేదీకి సీటు చూపిస్తోందో లేదో చూసుకోండి.