రోహిణి కార్తెకు ముందే చదవండి: ఇంట్లో హైపర్‌టూఫా కుండీలు పోసేవారికి జాగ్రత్తలు

వేసవి సెలవులు రాగానే తిరుపతిలో మిద్దె తోటలున్న ఇళ్లలో చేతిపనులు ఊపందుకుంటాయి. ఈమధ్య చాలామంది హైపర్‌టూఫా కుండీల మీద మనసు పడుతున్నారు. టూఫా అంటే గుల్లగా, తేలిగ్గా ఉండే ఒక జాతి సున్నపురాయి. పాత రాతి తొట్లు దొరకడం కరువైనప్పుడు ఇంగ్లండ్ తోటమాలులు ఆ రాయిని పోలిన సిమెంటు మిశ్రమాన్ని తయారు చేసుకున్నారు, అదే హైపర్‌టూఫా. వాళ్లు పీట్ నాచు వాడితే మనం కొబ్బరి పొట్టు వాడుతున్నాం. ఒక పాలు సిమెంటుకు పాలున్నర పెర్లైట్ (అగ్నిపర్వత రాయిని కాల్చి పొంగించిన తేలికపాటి గుళికలు), పాలున్నర కొబ్బరి పొట్టు కలిపితే కుండీ బరువు తగ్గుతుంది, గోడలు గాలి పీలుస్తాయి. మిద్దె మీద పెట్టుకోవడానికి చక్కగా సరిపోతుంది. అయితే ఈ పనిలో ఒళ్లు కాలే ప్రమాదం ఉంది, మన ఎండకు కుండీ పాడయ్యే ప్రమాదమూ ఉంది.

ముందు ఒంటి సంగతి. తాంబూలంలో సున్నం కాస్త ఎక్కువైతే నాలుక పొక్కుతుందని మనకు తెలుసు. సిమెంటులో నీళ్లు పడగానే ఆ సున్నమే పుడుతుంది. నిప్పు తగిలితే చేయి వెంటనే వెనక్కి వస్తుంది కానీ, తడి సిమెంటు తగిలినప్పుడు చాలాసార్లు నొప్పే తెలియదు. నాలుగేళ్ల కిందట నేను మిద్దె మీద మోకాళ్లపై కూర్చుని పెద్ద తొట్టి ఒకటి పోశాను. నూలు ప్యాంటు తడిసింది. చల్లగానే ఉంది కదా అని పట్టించుకోలేదు. సాయంత్రం స్నానానికి వెళ్లి చూస్తే రెండు మోకాళ్ల మీదా రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రగా కమిలి, నడుమ తెల్లగా ఉబ్బి ఉంది. ఆ పుండ్లు మానడానికి మూడు వారాలు పట్టింది. మంట పుట్టినప్పుడు కడుక్కుందాంలే అనుకోకండి. మంట తెలిసేసరికి చర్మం లోపలిదాకా కాలి ఉంటుంది.

కాబట్టి నీరు ఇంకని మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. వంటింట్లో వాడి పారేసే పలుచటి ప్లాస్టిక్ తొడుగులు పెర్లైట్ గీరుకుని చిరిగిపోతాయి. చిరిగిన తొడుగు అసలు లేనిదానికంటే చెడ్డది, ఎందుకంటే లోపలికి చేరిన సిమెంటు నీరు చర్మాన్ని అంటుకుని అక్కడే ఉండిపోతుంది. నిండు చేతుల చొక్కా వేసుకోండి, పీట మీద కూర్చోండి, ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టండి. బట్టలు తడిస్తే పని ఆపి, విప్పి, కడుక్కోండి. చర్మానికి అంటితే కుళాయి కింద ఇరవై నిమిషాలైనా నీళ్లు పోయండి. పసుపు, టూత్‌పేస్టు వంటివి పూయవద్దు. కంట్లో పడితే కూడా ఇరవై నిమిషాలకు తగ్గకుండా మంచినీళ్లతో కడిగి, ఎరుపు తగ్గుతుందేమోనని చూడకుండా కంటి ఆసుపత్రికి వెళ్లండి.

పొడి విషయంలోనూ ఇంతే శ్రద్ధ కావాలి. సిమెంటు సంచి, పెర్లైట్ సంచి విప్పే క్షణంలోనే ఎక్కువ దుమ్ము లేస్తుంది. ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు పెట్టుకున్నాకే సంచి కత్తిరించండి. పెర్లైట్ మీద ముందే నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. కొబ్బరి పొట్టును నానబెట్టి, రెండు మూడు నీళ్లలో కడిగి, పిండి వాడండి. లేకపోతే అందులోని ఉప్పు తర్వాత మొక్క వేరుకు తగులుతుంది. పిల్లలు మట్టి బొమ్మల పనిలా చేరిపోతారు, వాళ్లను నొప్పించక్కర్లేదు. కుండీ మీద అచ్చు వేసే ఆకులు ఏరి తేవడం, కుండీ పోసే అచ్చు డబ్బాలకు నూనె రాయడం వాళ్లకు అప్పగించండి. కలిపే తొట్టి దగ్గరికి మాత్రం రానీయకండి.

ఇక ఎండ. సిమెంటు ఆరితే గట్టిపడుతుందనే అపోహ వల్లే మన ఊళ్లో ఎక్కువ కుండీలు చెడిపోతున్నాయి. సిమెంటు ఆరి గట్టిపడదు, నీరు తాగి గట్టిపడుతుంది. స్లాబు పోశాక మేస్త్రీ గట్లు కట్టి నీళ్లు నిలబెట్టేది అందుకే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక పచ్చి కుండీ ఎంత? శేషాచలం కొండ పగలంతా కాగి, రాత్రి కూడా ఊరి మీదికి వేడి గాలి వదిలే రోజుల్లో మిద్దె మీద పోసిన కుండీ రెండు గంటల్లో తెల్లబడుతుంది. చూడటానికి గట్టిగానే ఉంటుంది, గోరుతో గీకితే పిండిలా రాలుతుంది. అలా అయినదాన్ని తర్వాత ఎన్ని నీళ్లు పోసినా బాగుచేయలేం.

వీలైతే ఈ పని ఏప్రిల్ నడిమికల్లా ముగించండి. తప్పనిసరైతే సాయంత్రం ఐదు తర్వాత, నీడలో, చల్లటి నీళ్లతో కలపండి. ఒక్క కుండీకి సరిపడా మాత్రమే కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతకుమించి కారకూడదు. బిగిసిపోతున్న మిశ్రమంలో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం పెద్ద తప్పు. గోడ మందం చిన్న కుండీకి అంగుళంన్నర, పెద్దదానికి రెండు అంగుళాలకు తగ్గనీయకండి. అడుగున నీళ్లు పోయే రంధ్రానికి నేను బొప్పాయి కాడ ముక్క నిలబెడతాను. బోలుగా ఉంటుంది, కుండీ గట్టిపడ్డాక పొడిస్తే ఊడి వస్తుంది.

పోసిన వెంటనే అచ్చుతో సహా ప్లాస్టిక్ కవరులో చుట్టి నీడలో పెట్టండి. దుకాణాల్లో మనకు ఎక్కువగా దొరికే పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజొలానా సిమెంటు) రకంలో బొగ్గు బూడిద (ఫ్లై యాష్) కలుస్తుంది, అది నిదానంగా గట్టిపడుతుంది. అందుకని రెండు రోజులకు ముందు అచ్చు తీయకండి. తీశాక తడి గోనెపట్టా చుట్టి రోజూ నీళ్లు కొట్టండి. ఇలాంటి సిమెంటుతో చేసిన కాంక్రీటుకు వేడి, పొడి వాతావరణంలో 14 రోజులు తడి ఉంచమని కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మన కుండీకీ అదే లెక్క పాటిస్తే నష్టం లేదు. పూర్తి బలం రావడానికి 28 రోజులు ఆగండి. పైకి పొడుచుకొచ్చిన పీచును కత్తెరతో కత్తిరిస్తే చాలు. మంటతో కాల్చే అలవాటు కొందరికి ఉంది కానీ, లోపల తడి మిగిలిన కుండీ ఆ వేడికి పెచ్చులుగా చిట్లి ముఖాన పడవచ్చు.

చేతులు, పనిముట్లు సింకులో కడగవద్దు, గొట్టంలో సిమెంటు గడ్డకడుతుంది. బకెట్లో కడిగి, తేరనిచ్చి, అడుగున మిగిలిన గడ్డను చెత్తలో వేయండి. కుండీలను పిట్టగోడ మీద పెట్టవద్దు. వేసవి సాయంత్రాల్లో ఉన్నట్టుండి లేచే ఈదురుగాలికి కింద నడిచేవారి తల మీద పడతాయి.

మొక్క పెట్టే ముందు కుండీని నీళ్ల తొట్టిలో ముంచి రెండు వారాలపాటు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి, సున్నం దిగిపోతుంది. పిట్టల నీళ్ల పళ్లేలకూ అంతే. చేపల తొట్టిలో పెట్టే బొమ్మలకైతే ఇంకా ఎక్కువ రోజులు కావాలి. మొదటి ఏడాది ఎడారి గులాబీ, కలబంద వంటివి పెట్టుకోండి. నూరువరహాలకు సున్నపు నేల పడదు, ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. వాటిని పాత మట్టి కుండీలోనే ఉండనివ్వండి.