ఫౌజులో టీకాలు: వేయించుకునే తమ్ముళ్ళకీ, వేసే తమ్ముళ్ళకీ

బెంగళూరులో ఎంఈజీ (ఇంజినీర్ల) సెంటర్, ఏఎస్‌సీ (సప్లై) సెంటర్, సీఎంపీ (మిలిటరీ పోలీసు) సెంటర్, పారా ట్రైనింగ్ సెంటర్, జాలహళ్ళి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, ఇన్ని ఉన్నాయి కాబట్టి శ్రీకాకుళం విజయనగరం నుంచి, ప్రకాశం కడప నుంచి మన పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఇక్కడికి వస్తూనే ఉంటారు. వచ్చిన కొత్తలోనే టీకాలు మొదలవుతాయి, సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి "అమ్మా రెండు చేతులకీ సూదులేశారు, ఒళ్ళు వెచ్చగా ఉంది" అంటారు, అక్కడ అమ్మకి నిద్ర పట్టదు. నేను మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరై ఇక్కడే రామమూర్తినగర్ వైపు ఉంటున్నా, మా వైపు పిల్లలు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇవే ప్రశ్నలు అడుగుతూ ఉంటారు, అందుకే అంతా ఒకచోట రాస్తున్నా. ఎవరికి ఏ టీకా ఎప్పుడు అనేది మీ యూనిట్ మెడికల్ ఆఫీసర్ చెప్పిందే ఫైనల్, నేను చెప్పేది దాని వెనక ఉన్న కారణాలూ జాగ్రత్తలూ.

అసలు ఫౌజులో ఇంత పట్టింపు ఎందుకంటే బ్యారక్. వేరే వేరే ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఒకే హాల్లో మంచం పక్కన మంచం వేసుకుని పడుకుంటారు, ఒకే మెస్‌లో తింటారు, ఒంట్లో అలసట, నిద్ర తక్కువ. ఒకడికి ఆటలమ్మ పోసిందంటే రెండు మూడు వారాల్లో ప్లటూన్‌లో సగం మంది పడిపోవచ్చు, గవదబిళ్ళలు, తట్టు, ఫ్లూ కూడా అంతే. మెదడు పొర వాపు తెచ్చే మెనింగోకాకస్ అయితే ఇంకా ప్రమాదం, పొద్దున జ్వరం అన్నవాడు మర్నాటికి ప్రాణం మీదకి తెచ్చుకుంటాడు. ఆ మెనింగోకాకల్ టీకా పుట్టిందే సైన్యం కోసం, అమెరికాలో వాల్టర్ రీడ్ ఆర్మీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రిక్రూట్లు చనిపోవడం చూసి 1960ల చివర్లో తయారుచేశారు. వాళ్ళ దగ్గర రిక్రూట్లకి అడినోవైరస్ (జలుబు, జ్వరం తెచ్చే క్రిమి) టీకా మాత్రలు కూడా ఇస్తారు, మామూలు జనానికి ఇవ్వరు. మధ్యలో తయారీ ఆగిపోయి నిల్వలు అయిపోతే ట్రైనింగ్ క్యాంపుల్లో జ్వరాలు మళ్ళీ మొదలయ్యాయి, 2011లో మళ్ళీ తెచ్చుకున్నారు. ధనుర్వాతం సంగతి చూడండి, రెండో ప్రపంచయుద్ధం మొత్తంలో అమెరికా ఆర్మీలో వచ్చిన కేసులు 12 మాత్రమే, అన్ని గాయాలు, అంత మట్టి, అయినా అంతే, కారణం అందరికీ ముందే టాక్సాయిడ్ (ధనుర్వాతం టీకా) వేసి ఉండటం.

"వద్దంటే ఏమవుతుంది అన్నా" అని కూడా అడుగుతారు. 2021లో కోవిడ్ టీకా వేయించుకోనన్న ఒక ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగిని సర్వీసు నుంచి తీసేశారని కేంద్రం గుజరాత్ హైకోర్టుకి చెప్పింది. కాబట్టి ఇష్టం ఉంటే వేయించుకుంటా అనే విషయం కాదు ఇది. కానీ నీ ఒంటికి నిజంగా పడని కారణం ఉంటే అది చెప్పుకునే హక్కు నీకుంది, చెప్పాల్సిన బాధ్యత కూడా నీదే. వద్దనడం వేరు, చెప్పడం వేరు.

ఇంటి నుంచి బయల్దేరే ముందు చేయాల్సింది: చిన్నప్పటి టీకా కార్డు వెతకండి. అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో ఇచ్చిన కార్డు ఏ బీరువా అడుగునో ఉంటుంది, దొరికితే ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, జిరాక్స్ ఒకటి ఫైల్లో పెట్టండి. కుక్క కరిచి సూదులు వేయించుకుని ఉంటే ఆ చీటీ కూడా. ఆటలమ్మ పోసిందో లేదో అమ్మని అడిగి తెలుసుకోండి. ఏ మందు పడదో, ఏది తింటే దద్దుర్లు వస్తాయో రాసి పెట్టుకోండి. దొరక్కపోయినా దిగులు పడకండి, రికార్డు లేకపోతే వేయలేదనుకుని మళ్ళీ వేస్తారు, ఎక్స్‌ట్రా డోసు వల్ల సాధారణంగా నష్టమేమీ ఉండదు.

ఏ టీకాలు అంటే, ధనుర్వాతం (ఇప్పుడు డిఫ్తీరియాతో కలిపి టీడీగా వస్తోంది), టైఫాయిడ్, హెపటైటిస్-బి ఎక్కువగా వినబడతాయి, మిగతావి పనిని బట్టి, పోస్టింగ్‌ని బట్టి. టైఫాయిడ్ మెస్‌లో వంట చేసేవాళ్ళకి మరీ ముఖ్యం, ఒక్క కుక్ వల్ల కంపెనీ మొత్తం పడుకుంటుంది. హెపటైటిస్-బి మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. ఇక్కడే మనవాళ్ళు తప్పిపోతారు, ఎందుకంటే ఆరు నెలల్లో ట్రైనింగ్ అయిపోయి ఎక్కడో జమ్మూలోనో అస్సాంలోనో ఉంటారు, మూడోది అడిగేవాడు ఉండడు. మీరే అడగండి. లేటైనా మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోట నుంచి వేయించుకుంటే చాలు. ఆస్పత్రి డ్యూటీలో ఉండేవాళ్ళు మూడోది అయ్యాక ఒకటి రెండు నెలల్లో యాంటీబాడీ టెస్ట్ చేయించుకోవాలి, రిపోర్టులో 10 mIU/mL దాటితే రక్షణ ఉన్నట్టు.

యూఎన్ మిషన్ మీద కాంగోకో సౌత్ సూడాన్‌కో వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ఇది ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు, చెన్నై వైపు వాళ్ళకి గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాత నుంచే చెల్లుతుంది, కాబట్టి ఫ్లయిట్‌కి ముందురోజు పరిగెత్తితే లాభం లేదు. 2016 జూలై 11 నుంచి జీవితాంతం చెల్లుబాటు, పాత కార్డుల మీద పదేళ్ళని రాసి ఉన్నా అదే లెక్క. ఆ పసుపు కార్డు ఒరిజినల్ పోగొట్టుకోకండి, అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. గుడ్డు తింటే ఊపిరాడనంత ఎలర్జీ ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ముందే డాక్టర్‌కి చెప్పాలి.

కుక్కలతో పనిచేసే హ్యాండ్లర్లకి రేబిస్ టీకా ముందుగానే వేస్తారు. మిగతావాళ్ళకి నైట్ గార్డ్ డ్యూటీలో వీధికుక్క కరిస్తే మొదటి పని ఎంఐ రూమ్‌కి (యూనిట్ వైద్యశాలకి) పరుగు కాదు, దగ్గర్లో ఉన్న కుళాయి కింద సబ్బు పెట్టి పావుగంట కడగడం, ఆ తర్వాత పరుగు. రేబిస్ సూది భుజానికే, పిరుదుకి వేస్తే సరిగ్గా పనిచేయదు. ముందే కోర్సు పూర్తయినవాళ్ళకి కరిచినప్పుడు ఆ రోజు ఒకటి, మూడో రోజు ఒకటి చాలు, గాయంలో పొడిచే సీరం అక్కర్లేదు. ఇంకో సంగతి, మలేరియా రాకుండా క్లోరోక్విన్ వేసుకుంటున్నవాళ్ళకి చర్మంలోకి వేసే రేబిస్ డోసు బలం తగ్గుతుంది, కండలోకి వేయమని చెప్పాలి.

ఇక వేయించుకునే రోజు. పొద్దున ఏదైనా తిని వెళ్ళండి, నీళ్ళు తాగండి, ఖాళీ కడుపుతో ఎండలో ఫాలిన్‌లో (వరసలో) నిలబడి సూది చూడగానే కళ్ళు తిరిగేవాళ్ళే ఎక్కువ. అడిగినప్పుడు నిజం చెప్పండి. రిక్రూట్లు దాచడానికి కారణం నాకు తెలుసు, ఏదైనా చెప్తే మెడికల్‌లో వెనక్కి పెడతారేమో, బ్యాచ్ నుంచి విడిపోతానేమో అని భయం. దానికోసం ప్రాణం మీదకి తెచ్చుకోకండి. ఇవాళ గట్టి జ్వరం ఉందా, ఇంతకుముందు ఏ టీకాకైనా ఊపిరాడక ఇబ్బంది పడ్డావా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నావా, ఈమధ్య రక్తం ఎక్కించారా, గత నాలుగు వారాల్లో వేరే టీకా ఏదైనా పడిందా, సూది చూస్తే ఎప్పుడైనా పడిపోయావా, ఇవన్నీ అడుగుతారు, అడక్కపోయినా మీరే చెప్పండి. మామూలు జలుబు అడ్డం కాదు. ఆడపిల్లలు గర్భం ఉందనే అనుమానం ఉంటే తప్పక చెప్పాలి, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా), ఆటలమ్మ లాంటి బతికున్న క్రిమితో చేసిన టీకాలు అప్పుడు వేయరు, వేశాక కూడా నెల ఆగాలి. సీఎంపీ సెంటర్ నుంచి 2021 మేలో మొదటి బ్యాచ్‌గా 83 మంది మహిళా సైనికులు పాసౌట్ అయ్యారు, ఇప్పుడు ఫాలిన్‌లో వాళ్ళూ ఉంటారు కాబట్టి ఆ ప్రశ్న అందరి ముందు గట్టిగా కాకుండా చాటుగా అడిగే ఏర్పాటు ఉండాలి. అలా లేకపోతే నిజమైన జవాబు రాదు.

వేసేవాళ్ళకి

తమ్ముడూ, నీ ముందు రెండొందల మంది లైన్లో ఉన్నారు, వెనక హవల్దార్ సాబ్ జల్దీ జల్దీ అంటున్నాడు, తర్వాత పరేడ్ ఉంది. ఈ తొందరే అన్ని ప్రమాదాలకీ మూలం. 1902లో పంజాబ్‌లో ముల్కోవాల్ అనే ఊళ్ళో ప్లేగు టీకా వేస్తే ఒకే సీసా నుంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. సీసా తెరిచేటప్పుడు పట్టకారు కింద పడితే దాన్ని సరిగ్గా శుద్ధి చేయకుండానే వాడారని విచారణలో సాక్ష్యం వచ్చింది. ఆ టీకా కనిపెట్టిన హాఫ్కిన్ మీద నింద పడి, ఆయన నిర్దోషి అని తేలడానికి ఏళ్ళు పట్టింది. కాబట్టి కింద పడింది పారేయి, అనుమానం వచ్చింది పారేయి, లెక్క అడిగితే రాసివ్వు.

ముందు చలి సంగతి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, ఫ్రిజ్ తలుపులో పెట్టకూడదు, అదే ఫ్రిజ్‌లో పాలు, కూల్‌డ్రింక్ పెట్టనివ్వకు. వేడి తగిలితే పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే కూడా పాడవుతుందని చాలామంది మర్చిపోతారు. హెపటైటిస్-బి, టీడీ ఒకసారి గడ్డకట్టాయంటే ఇక పనికిరావు, కరిగాక చూడ్డానికి బాగానే ఉంటాయి, లోపల బలం ఉండదు. లేహ్ వైపు పోస్టింగ్‌లో అయితే ఇదే అసలు సమస్య. క్యారియర్‌లో ఐస్‌ప్యాక్‌లు ఫ్రీజర్ నుంచి తీసి వెంటనే పెట్టకు, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడేదాకా బయట ఉంచి అప్పుడు పెట్టు. వయల్ (టీకా సీసా) మీద వీవీఎం గుర్తు, అంటే వేడి తగిలిందో లేదో రంగుతో చెప్పే గుర్తు, ఉంటే చూడు, లోపలి చతురస్రం బయటి వలయం కన్నా లేతగా ఉంటే వాడొచ్చు, రెండూ ఒకే రంగుకి వచ్చాయంటే అవతల పెట్టేయ్.

పొడి టీకా కలిపేటప్పుడు దానితోపాటు అదే కంపెనీ ఇచ్చిన ద్రావణమే వాడాలి, వేరే సీసా నీళ్ళు వద్దు. 2014లో సిరియాలో తట్టు టీకాలో ద్రావణానికి బదులు ఆపరేషన్‌లో కండరాలు వదులు చేసే మందు కలిపేశారు, 15 మంది పసిపిల్లలు పోయారు. టీకాల ఫ్రిజ్‌లో వేరే ఇంజెక్షన్లు పెట్టకూడదు అనేది అందుకే. కలిపిన టైమ్ వయల్ మీద రాయి. మన జాతీయ కార్యక్రమంలో తట్టు, జేఈ (మెదడువాపు), బీసీజీ (క్షయ) లాంటివి కలిపాక నాలుగు గంటలు దాటితే పారేస్తారు, టీడీ, హెపటైటిస్-బి లాంటివి చలి సరిగ్గా ఉంటే 28 రోజుల దాకా వాడతారు, ఏదైనా లేబుల్ మీద ఉన్నదే పాటించు.

లైన్ తొందరగా కదలాలని ముందురోజే సిరంజ్‌లు నింపి ట్రేలో పేర్చొద్దు. ఏ సిరంజ్‌లో ఏముందో తెలియదు, చలి పోతుంది. వయల్ మూతకి సూది గుచ్చి అలా వదిలేసి పదిమందికి లాగొద్దు. ఒక మనిషికి ఒక సూది, ఒక సిరంజ్, మార్పు లేదు.

చేయి దగ్గర శ్రద్ధ పెట్టు. బనీను మెడ పక్కకి లాగి భుజం పైన వేయడం చాలామందికి అలవాటు, అది తప్పు, అప్పుడు సూది పైకి పోయి కీలులోకి దిగుతుంది, నెలల తరబడి చేయి లేవదు, రైఫిల్ ఎత్తలేడు, చిన్‌అప్స్ చేయలేడు. షర్ట్ పూర్తిగా తీయించు, వాడినీ కూర్చోబెట్టు, నువ్వూ కూర్చో. భుజం ఎముక చివర తడిమి అక్కడి నుంచి రెండు మూడు వేళ్ళు కిందకి, కండ మధ్యలో, తిన్నగా 90 డిగ్రీల్లో. మామూలు జవానుకి 23 గేజ్ అంగుళం సూది సరిపోతుంది, బాగా లావుగా ఉన్నవాడికి అంగుళంన్నర కావాలి. ఎంఎంఆర్, ఎల్లో ఫీవర్ చర్మం కిందకి, 45 డిగ్రీల్లో. స్పిరిట్ రాస్తే ఆరేదాకా ఆగు. రెండు టీకాలు ఒకే చేతికి వేయాల్సి వస్తే మధ్యలో కనీసం అంగుళం దూరం. సూదితో వేసే బతికున్న క్రిమి టీకాలు రెండు ఉంటే ఒకేరోజు వేయి, లేదంటే నాలుగు వారాల గ్యాప్. వాడిన సూదికి మళ్ళీ క్యాప్ పెట్టకు, అక్కడే హబ్ కట్టర్‌లో కోసెయ్.

వేశాక అరగంట కూర్చోబెట్టడం మన దగ్గర పద్ధతి, నీడలో, కనబడేచోట, గ్రౌండ్‌కి పంపకు. కళ్ళు తిరిగి పడిపోవడం, ప్రాణాంతక ఎలర్జీ, ఈ రెండింటికీ తేడా వేసేవాడికి నిద్రలో లేపి అడిగినా తెలియాలి. కళ్ళు తిరిగినవాడు పాలిపోయి చల్లగా చెమటలు పడతాడు, నాడి నెమ్మదిగా ఉంటుంది, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తితే తేరుకుంటాడు. ఎలర్జీ అయితే దద్దుర్లు, పెదాలు నాలుక వాపు, పిల్లికూతలు, వాంతి, నాడి వేగంగా, బీపీ పడిపోతుంది, పడుకోబెట్టినా తగ్గదు. అప్పుడు మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్, 1:1000 ది 0.5 ఎంఎల్ తొడ మధ్యలో బయటివైపు కండలోకి, వెంటనే, తగ్గకపోతే అయిదు నిమిషాలకి మళ్ళీ. ఎవిల్ (మామూలు ఎలర్జీ ఇంజెక్షన్), స్టెరాయిడ్ తర్వాత సంగతి, అవి అడ్రినలిన్‌కి బదులు కావు, ముందు ఎవిల్ వేసి చూద్దాం అనుకుంటే ఆ చూడ్డంలోనే మనిషి పోతాడు. వాణ్ణి నిలబెట్టొద్దు, నడిపించొద్దు, పడుకోబెట్టే తీసుకెళ్ళాలి. క్యాంప్ మొదలుపెట్టే ముందే అడ్రినలిన్ ఎక్స్‌పైరీ చూసుకో, ఆక్సిజన్ తెరిచి చూసుకో, అంబులెన్స్ ఎక్కడుందో కనుక్కో. ఇవి లేకుండా మొదటి సూది కూడా వద్దు.

రికార్డులో తేదీ, టీకా పేరు, ఏ చేయి, బ్యాచ్ నంబర్ నాలుగూ రాయాలి. బ్యాచ్ నంబర్ రాయడానికి బద్ధకిస్తారు. 1942లో అమెరికా సైనికులకి వేసిన ఎల్లో ఫీవర్ టీకాలో హెపటైటిస్-బి కలిసిపోయి దాదాపు 50 వేల మంది పచ్చకామెర్లతో పడ్డారు, టీకాలో కలిపిన మనిషి సీరమ్ వల్ల అని తేలడానికి దారి చూపింది ఆ లాట్ నంబర్లే.

ఇంట్లోవాళ్ళకి: చేయి నొప్పి, కొంచెం జ్వరం ఒకటి రెండు రోజులు మామూలే, పారాసెటమాల్ చాలు, ఎంఐ రూమ్‌లో చెప్పి ఆ రోజు పరుగు నుంచి మినహాయింపు అడగమనండి. ఎంఎంఆర్‌కి మాత్రం జ్వరం వారం నుంచి పన్నెండు రోజుల మధ్య రావచ్చు, అప్పటికి టీకా సంగతే మర్చిపోయి ఉంటాడు, డాక్టర్‌కి ఆ తేదీ చెప్పమనండి. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, చేయి ఎత్తలేకపోయినా ఓర్చుకోమని చెప్పకండి, మళ్ళీ చూపించుకోమనండి. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందిని రిపోర్ట్ చేయించాలి, మెడికల్ ఆఫీసర్ ఫారం నింపుతారు, 1800-180-3024 టోల్‌ఫ్రీకి మామూలు మనిషి కూడా ఫోన్ చేసి చెప్పొచ్చు.