వాయించి దిగిన బ్యాండ్‌కి అరగంటలో ఏం చెప్పాలి?

అమెరికాలో వసంతకాలం స్కూలు కాన్సర్ట్ బ్యాండ్ (ఊదే వాయిద్యాలు, డ్రమ్ములు కలిసిన బృందం) ఫెస్టివళ్ల కాలం. ఒక్కో బ్యాండు స్టేజి ఎక్కి రెండు మూడు పీసులు వాయిస్తుంది, జడ్జీలు రేటింగు ఇస్తారు. చాలా రాష్ట్రాల్లో ఒకటంటే అన్నిటికంటే పైది, ఐదంటే అడుగుది. చాలాచోట్ల బ్యాండు దిగగానే అనుభవమున్న ఒక డైరెక్టరు (బ్యాండుకి నేర్పి నడిపించే టీచరు) 20 నుంచి 30 నిమిషాలు ఆ పిల్లలతో పనిచేస్తారు. దాన్ని క్లినిక్ అంటారు, చేసేవారిని క్లినిషియన్ అంటారు. ఆ బాధ్యత మొదటిసారి మీద పడ్డవారికోసం ఇది రాస్తున్నాం.

పీసు మొత్తాన్ని బాగుచేయడం మీ పని కాదు. ఒక్క విషయం మార్చండి. ఆ మార్పు పిల్లల చెవికే తెలియాలి.

ఆ ఒక్కటీ ఏదో బ్యాండు వాయిస్తున్నప్పుడే తేల్చుకోవాలి. స్కోరు (అన్ని వాయిద్యాల స్వరాలూ రాసి ఉన్న పుస్తకం) మీద పెన్సిల్‌తో బార్ (స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య ముక్క) నంబరు, వాయిద్యం, ఒక్క మాట రాస్తే చాలు. వ్యాసం రాస్తూ కూర్చుంటే పిల్లల ఊపిరి, కూర్చున్న తీరు కంటపడవు. చివరి పీసు నడుస్తుండగా రాసినవాటిని రెండుగా విడదీయండి. క్లారినెట్ పిల్లల పెదవుల పట్టు, వేళ్ల వేగం లాంటివి నెలలు పట్టే పనులు, వాటిని డైరెక్టరుకిచ్చే చీటీలో పెట్టండి. నోటు ఎక్కడ ఆపాలి, ఎవరు గట్టిగా వాయిస్తున్నారు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అనేవి పది నిమిషాల్లో మారతాయి. క్లినిక్‌కి పనికొచ్చేవి ఇవే.

మొదలుపెట్టేముందు డైరెక్టరుని పక్కకి పిలిచి "ఏది చూడమంటారు?" అని అడగండి. ఆ బ్యాండు వారిది. వాళ్ల టెంపో (వేగం) మీకు నచ్చకపోయినా పిల్లల ముందు అనకండి.

చల్లటి కారిడార్లో నిలబడి వచ్చిన బ్యాండు శ్రుతి దిగిపోయి ఉంటుంది. వాయిద్యంలోని గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ చల్లబడితే శ్రుతి సుమారు మూడు సెంట్లు దిగుతుంది (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). ట్యూబా లాంటి పెద్ద గొట్టాలు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. అందుకే శ్రుతి చూసేముందు ఒక నిమిషం శబ్దం లేకుండా వేడి ఊపిరి ఊదించండి.

తర్వాత బి ఫ్లాట్ మేజర్ కార్డ్ పట్టించండి, అంటే బి ఫ్లాట్, డి, ఎఫ్ అనే మూడు స్వరాలు ఒకేసారి. ముందు ట్యూబాలు మాత్రమే బి ఫ్లాట్ పట్టుకుని ఉండాలి. మన తంబురా చేసే పనే ఇక్కడ ట్యూబా చేస్తుంది. దాని మీద హార్న్‌లు ఎఫ్ కలపాలి. ఆ రెండూ కరిగి ఒకటయ్యాకే మూడో స్వరం డి రావాలి. ఇక్కడే గొడవ. ఏ పిల్లవాడో "సార్, ట్యూనర్ ముల్లు మధ్యలోనే ఉంది" అంటాడు. ముల్లు అబద్ధం చెప్పదు గానీ అది చూపేది పియానో శ్రుతి. కార్డ్ నిలవాలంటే మేజర్ థర్డ్, అంటే ఆ డి, అంతకంటే సుమారు 14 సెంట్లు కిందికి రావాలి. తంబురాలో షడ్జం తీగలోంచి తనంతట తాను పలికే అంతరగాంధారం ఆ చోటిదే. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న తెలుగు పిల్ల ఎవరైనా బ్యాండ్‌లో ఉంటే ఆ స్వరాన్ని పాడించి చూడండి, తేలిగ్గా దొరుకుతుంది. మిగతావాళ్లతో ముందు గొంతులో కూనిరాగం తీయించి, తర్వాత వాయింపించండి.

అప్పటికీ కార్డ్ కుదరకపోతే లోపం శ్రుతిది కాకపోవచ్చు, బలానిది కావచ్చు. గట్టిగా ఊదితే ఫ్లూట్ శ్రుతి పైకి పోతుంది, క్లారినెట్ కిందికి జారుతుంది. ఈ రెండూ పక్కపక్కనే కూర్చుని ఫోర్టేలో (గట్టిగా) వాయిస్తే ఎంత ట్యూన్ చేసినా నిలవదు. పై వాయిద్యాలు తగ్గాలి, కింది వాయిద్యాలు నిండాలి. బ్యాండ్ ధ్వనిని ఇలా అడుగు వెడల్పుగా ఉండే పిరమిడ్‌తో పోల్చడం అమెరికన్ స్వరకర్త ఫ్రాన్సిస్ మెక్‌బెత్ ద్వారా బాగా ప్రచారమైంది. పిల్లలకి చెప్పాల్సింది ఇంతే: "మీకు ట్యూబా వినబడకపోతే మీరు ఎక్కువ వాయిస్తున్నట్టే."

అసలు పీసులో ఒక చోటే పట్టుకోండి, ఎనిమిది నుంచి పదహారు బార్లు. ఇంగ్లిష్ స్వరకర్త గుస్టవ్ హోల్స్ట్ 1909లో బ్యాండ్ కోసం రాసిన ఇ ఫ్లాట్ సూట్‌నే (కొన్ని భాగాలున్న రచన) తీసుకుందాం. మొదటి భాగం ఎనిమిది బార్ల ఇతివృత్తంతో మొదలవుతుంది, దాన్ని వాయించేది ట్యూబాలు, యూఫోనియమ్‌లే (యూఫోనియం ట్యూబా కంటే చిన్న ఇత్తడి వాయిద్యం). స్కూలు బ్యాండ్లలో మామూలుగా జరిగేది ఏమిటంటే, నాలుగో బార్ చివర అందరూ ఒక్కసారే ఊపిరి పీలుస్తారు, రాగం రెండు ముక్కలవుతుంది. మందు ఇది: ఊపిరి బార్ గీత దగ్గర తీసుకోకూడదు, పక్కవాడు తీసుకున్నప్పుడూ తీసుకోకూడదు. నోటు మధ్యలో మెల్లగా తగ్గి ఆగాలి, నాలుక తగలకుండా మళ్లీ చేరాలి. ఎవరు ఎక్కడ తీసుకుంటారో పెన్సిల్‌తో రాయించండి. నోటితో చెప్పి వదిలేస్తే వారం తిరక్కుండా మర్చిపోతారు. ట్యూబా ఒక్కటే ఉంటే యూఫోనియంతో వంతులు వేయండి.

ఇత్తడి వాయిద్యాల పిల్లలు అప్పుడే రెండు మూడు పీసులు వాయించి వచ్చారన్నది మరవకండి, వాళ్ల పెదవులు అలసి ఉంటాయి. ఎత్తు స్వరాలు గట్టిగా పదేపదే అడిగితే చిరిగిన ధ్వనే వస్తుంది, మీరు చెప్పిందే తప్పనుకుంటారు. సగం బలంతో వాయింపించండి, లేదా పాడించండి.

వెనక వరసలో పెర్కషన్ పిల్లలు ఊరికే నిలబడిపోతారు, వాళ్లకీ పని పెట్టాలి. బాస్ డ్రమ్ మోత ట్యూబా నోటు ముగిశాక కూడా మిగిలితే బ్యాండ్ ఆగినట్టే అనిపించదు. రెండూ కలిసి ఆగేలా డ్రమ్‌ని చేత్తో అదిమి ఆపమనండి. ఈ ఒక్క సవరణ గదిలో అందరికీ వినబడుతుంది.

మాట పదిహేను సెకన్లు దాటకూడదు, వెంటనే వాయింపించాలి. తప్పు చెప్పేటప్పుడు సెక్షన్‌ని అనండి, ఏ పిల్లనీ వేలెత్తి చూపకండి. మీ చిన్ననాటి జోకులకి రెండు నిమిషాలు పోతే వాళ్ల క్లినిక్‌లో పదో వంతు పోయినట్టే.

చివరి మూడు నిమిషాలు మిగలగానే అదే చోటు మొదట ఎలా వాయించారో అలా ఒకసారి, మార్చాక ఒకసారి వాయింపించండి. రెండోసారి బేటన్ (బ్యాండుని నడిపే చిన్న కర్ర) వాళ్ల డైరెక్టరు చేతిలో ఉండాలి, ఎందుకంటే సోమవారం క్లాసులో ఆ ధ్వని కావాల్సింది వారి చేతికింద. స్కోర్లు కూడా వారివే, మీ పెన్సిల్ గుర్తులతో సహా చీటీ లోపల పెట్టి ఇచ్చేయండి. చీటీలో రేటింగు గురించి ఒక్క మాటా రాయకండి. బార్ నంబర్లు, చేయాల్సిన పని, అంతే.