చార్ట్‌లో అక్షాల అంకెలు, లేబుళ్లు సరిచేసుకోవడం ఎలా?

పదో తరగతిలో గ్రాఫ్ కాగితం మీద గీత గీసిన ప్రతి ఒక్కరికీ కుడివైపు పై మూలన ‘స్కేలు’ రాయడం గుర్తుండే ఉంటుంది. అది రాయకపోతే గీత ఎంత చక్కగా వచ్చినా మార్కులు తగ్గేవి. స్ప్రెడ్‌షీట్‌లో ఆ స్కేలును మనకు బదులుగా సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. చాలాసార్లు అది సరిపోతుంది. సరిపోనప్పుడు మాత్రం లెక్కలన్నీ నిజమే అయినా చార్ట్ అబద్ధం చెబుతుంది. అందుకే చార్ట్ రాగానే, రంగుల జోలికి పోకముందే అక్షాలు చూడాలి.

భారతదేశ జనాభా లెక్కలను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి నిలువు వరుసలో 1951 నుంచి 2011 వరకు ఏడు జనగణన సంవత్సరాలు, రెండో వరుసలో జనాభా పూర్తి అంకెల్లో ఉన్నాయనుకోండి. 1951లో సుమారు 36.1 కోట్లు, 2011లో సుమారు 121.1 కోట్లు. ముందు ఎక్సెల్‌లో చేద్దాం.

సంవత్సరాలు గీతగా మారిపోతే

గీతల చార్ట్ పెట్టగానే అడ్డ అక్షం మీద సంవత్సరాలకు బదులు 1, 2, 3 అని కనిపించి, అడుగున ఇంకో గీత నేలకు అతుక్కుని ఉండవచ్చు. సంవత్సరాలు కూడా అంకెలే కాబట్టి ఎక్సెల్ వాటినీ లెక్కలుగానే తీసుకుంది. సరిచేసే దారి ఇది:

1. చార్ట్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘సెలెక్ట్ డేటా’ తెరవండి.
2. ఎడమవైపు జాబితాలో సంవత్సరాల వరుసను ఎంచుకుని ‘రిమూవ్’ నొక్కండి.
3. కుడివైపు ‘హారిజాంటల్ యాక్సిస్ లేబుల్స్’ కింద ‘ఎడిట్’ నొక్కి, సంవత్సరాలున్న ఏడు సెల్స్‌ను ఎంచుకోండి. శీర్షిక ఉన్న సెల్‌ను కలపవద్దు.

చార్ట్ పెట్టకముందే సంవత్సరాల వరుస శీర్షికను చెరిపేసి ఆ సెల్‌ను ఖాళీగా ఉంచితే ఈ శ్రమ ఉండదు. అప్పుడు ఎక్సెల్ ఆ వరుసను లేబుళ్లుగానే గుర్తిస్తుంది.

సున్నాల వరుసను కోట్లలోకి మార్చడం

నిలువు అక్షం మీద ఇప్పుడు 1400000000 వంటి అంకెలుంటాయి. ఎన్ని సున్నాలో వేలుపెట్టి లెక్కపెట్టుకోవాల్సిన అక్షం ఎవరికీ ఉపయోగపడదు. ఆ అంకెల మీద రెండుసార్లు క్లిక్ చేస్తే పక్కన ‘ఫార్మాట్ యాక్సిస్’ తెరుచుకుంటుంది. అందులో ‘డిస్‌ప్లే యూనిట్స్’ జాబితాలో మిలియన్, బిలియన్‌లతో పాటు 100000, 10000000 కూడా ఉంటాయి. అవి మన లక్ష, కోటి. 10000000 ఎంచుకోగానే అక్షం 0, 20, 40 అంటూ 140 వరకు తేటపడుతుంది. పక్కన వచ్చే చిన్న లేబుల్‌ను క్లిక్ చేసి ‘కోట్లలో’ అని రాయండి. ఇది మరిచిపోతే 140 మంది అనుకున్నా తప్పు చూసేవారిది కాదు.

ఒక జాగ్రత్త: అక్షం కోట్లలో కనిపిస్తున్నా, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే ‘బౌండ్స్’ గడుల్లో (మినిమమ్, మాక్సిమమ్) మాత్రం అసలు అంకెలే వేయాలి. 150 కోట్ల వరకు కావాలంటే 1500000000 అని టైపు చేయాలి.

పూర్తి అంకెలే ఉంచి, కామాలు లక్షలు, కోట్ల పద్ధతిలో రావాలనుకుంటే అదే చోట ‘నంబర్’ విభాగంలో ఈ కోడ్ ఇచ్చి ‘యాడ్’ నొక్కండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

సున్నా నుంచి మొదలవ్వాలా?

నన్ను అడిగితే అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒక పాఠశాల ఉత్తీర్ణత మూడేళ్లలో 88, 89, 91 శాతం అనుకోండి. స్తంభాల చార్ట్ పెడితే, అంకెల మధ్య తేడా తక్కువగా ఉంది కాబట్టి ఎక్సెల్ అక్షాన్ని సున్నా నుంచి కాకుండా 86 దాటాక ఎక్కడో మొదలుపెడుతుంది. మూడో స్తంభం మొదటిదానికి రెండు మూడింతల ఎత్తున నిలబడుతుంది. మూడు శాతం మెరుగుదల అద్భుతంలా కనిపిస్తుంది. స్తంభాల్లో కన్ను కొలిచేది ఎత్తునే కాబట్టి ‘మినిమమ్’ గడిలో 0 వేయడం తప్పనిసరి అని నా నమ్మకం. గీతల చార్ట్‌లో కన్ను ఎగుడుదిగుళ్లను చూస్తుంది. అక్కడ సున్నా లేకపోయినా ఫరవాలేదు కానీ, అక్షం ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపించాలి.

‘మేజర్’ గడి రెండు అంకెల మధ్య ఎడాన్ని నిర్ణయిస్తుంది. అయిదారు అంకెలు కనిపిస్తే చాలు.

పొడవైన పేర్లు

తెలంగాణ 33 జిల్లాలతో నిలువు స్తంభాలు పెడితే ‘జయశంకర్ భూపాలపల్లి’, ‘కుమురం భీం ఆసిఫాబాద్’ వంటి పేర్లు నిలువుగా తిరిగిపోతాయి, కొన్ని మాయమవుతాయి. మెడ వంచి చదివించే బదులు అడ్డ స్తంభాల చార్ట్‌కు మారండి. అయినా పేర్లు తప్పిపోతే లేబుళ్ల విభాగంలో ‘ఇంటర్వెల్ యూనిట్’ 1 చేయండి. అడ్డ స్తంభాల్లో జాబితా కింది నుంచి పైకి తలకిందులుగా వస్తుంది. ‘కేటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్’ టిక్ చేస్తే సరైన వరుస వస్తుంది కానీ, అంకెల అక్షం పైకి పోతుంది. ‘ఎట్ మాక్సిమమ్ కేటగిరీ’ ఎంచుకుంటే అది తిరిగి కిందికి దిగుతుంది.

లాభనష్టాల చార్ట్‌లో నష్టాల స్తంభాలు కిందికి దిగి పేర్లను కప్పేస్తే, ‘లేబుల్ పొజిషన్’ను ‘లో’ చేయండి.

గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్

గూగుల్ షీట్స్‌లో చార్ట్ మీద రెండుసార్లు క్లిక్ చేసి, ‘కస్టమైజ్’లో ‘వర్టికల్ యాక్సిస్’ తెరిస్తే మినిమమ్, మాక్సిమమ్ గడులుంటాయి. కోట్ల కోసం పక్క వరుసలో జనాభాను 10000000తో భాగించి, ఆ వరుసతో చార్ట్ పెట్టడం తేలిక. లిబ్రే ఆఫీస్‌లో ముందు చార్ట్‌ను రెండుసార్లు క్లిక్ చేసి లోపలికి వెళ్లాలి. ఆ తర్వాత అక్షం మీద రెండుసార్లు క్లిక్ చేసి, ‘స్కేల్’ ట్యాబ్‌లో ‘ఆటోమేటిక్’ టిక్ తీసేస్తేనే అంకె మార్చనిస్తుంది.

కొత్త లెక్క చేరినప్పుడు

చేత్తో వేసిన అంకె అలాగే ఉండిపోతుంది. మాక్సిమమ్ 140 కోట్లు అని బిగిస్తే, 2027 జనగణన అంకె అంతకు మించితే గీత పైన తెగిపోతుంది. గడి పక్కనున్న ‘రీసెట్’ నొక్కితే అక్షం మళ్లీ తనంతట తాను సర్దుకుంటుంది.

అడ్డ అక్షంలోనూ చిక్కు ఉంది. 2011కు, 2027కు మధ్య ఎడం పదహారేళ్లు. సంవత్సరాలను లేబుళ్లుగా పెట్టిన గీతల చార్ట్ దానినీ పదేళ్ల ఎడంలాగే చూపిస్తుంది, పెరుగుదల ఉన్నదానికన్నా నిటారుగా కనిపిస్తుంది. అప్పుడు ‘స్కాటర్’ రకానికి మారి, అడ్డ అక్షానికి మినిమమ్ 1951, మాక్సిమమ్ 2031, మేజర్ 10 ఇవ్వండి. 2027 చుక్క 2021కి, 2031కి మధ్య తన అసలు చోటులో పడుతుంది.