రబ్బర్ బ్యాండ్ వేసిన ఏడు బిల్లులు

నేను ఓ హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. పర్చేజ్ బిల్లులు చూసే ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, అందరం మేస్టారూ అంటాం.

20న జీఎస్టీఆర్-3బి, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను, వేయాలి. 18 రాత్రి చూస్తే, 14న వచ్చిన 2బి లో (సప్లయర్లు మా పేరు మీద చూపించిన బిల్లుల జాబితా) ఉన్న ఏడు బిల్లులు మా పుస్తకాల్లో లేవు. ఆ టెన్షన్‌లో, "మేస్టారూ, మీరు బిల్లులివ్వకపోతే నేనేం చెయ్యను?" అని అందరి ముందూ అరిచేశాను. ఆయన ఫైలు బల్లమీద పడేసి వెళ్లిపోయారు. రెండు రోజులు ఒకే గదిలో కూర్చుని, ఆఫీస్ కుర్రాడి ద్వారా మాట్లాడుకున్నాం!

21న రెండు టీలు పట్టుకుని ఆయన దగ్గరికెళ్లాను. "అరవడం నా తప్పు మేస్టారూ. కానీ బిల్లుల సంగతి మాట్లాడాలి" అన్నాను. ఉత్త సారీ చెప్పి వచ్చేస్తే బిల్లులు అలాగే ఉండిపోయేవి.

ఆయన సొరుగు తీశారు. రబ్బర్ బ్యాండ్ వేసి ఏడూ అందులోనే ఉన్నాయి. "సరుకు పాడైందమ్మా. ఆ మేరకు సొమ్ము తగ్గిస్తూ సప్లయర్ క్రెడిట్ నోట్ పంపేదాకా ఇవి నీకిస్తే డబ్బు కట్టేస్తారని ఆపాను." నాకది తెలీదు. సప్లయర్ తన అమ్మకాల రిటర్ను, జీఎస్టీఆర్-1, వేస్తే ఆ బిల్లులు మన 2బి లోకి వచ్చేస్తాయని ఆయనకు తెలీదు.

ఇప్పుడు గోడకి 'ఆపినవి' అని ఓ క్లిప్పు తగిలించాం. ఎందుకు ఆపారో బిల్లుమీదే పెన్సిల్‌తో రాస్తారు. 15న అరగంట ఇద్దరం కూర్చుంటాం. పోయిన నెల ఒక బిల్లుమీద మళ్లీ వాదించుకున్నాం, కాకపోతే ఈసారి టీ ఆయనే తెప్పించారు.